ఒకటి కనబడాలంటే

డండీలో ఆ డిసెంబరు
మూడున్నరకే చీకటి.
తే నది మీంచి లేచిన పొగమంచు
కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.

షీనా పనిచేసే వాచీల ఫ్యాక్టరీలో
ఇప్పుడు వాచీలు తక్కువ, కంప్యూటర్లు ఎక్కువ.
మూతమీద గీత పడిందని పక్కన పెట్టినదాన్ని
సగం ధరకి తెచ్చింది కొడుక్కి.
పలకంత యంత్రం. రబ్బరు మీటలు.
నొక్కి చూసి, చచ్చిన చేపలా ఉందే అంది
అమ్మమ్మ ఎఫీ.

లక్లన్‌కి పన్నెండేళ్ళు.
అమ్మమ్మ మాట టీవీలో కనబడాలని వాడి పట్టు.
ఆమెకి వినబడదు.
జనపనార మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు
మగ్గాల మధ్య నిలబడి
చెవులు అక్కడే వదిలేసి వచ్చింది.
ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాటలు ఏరుకుంటుంది,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కాదు,
రాళ్ళలో బియ్యం ఏరినట్టు.

పది. ప్రింట్. కొటేషన్ గుర్తు.
అమ్మమ్మ చెప్పింది అని కొట్టి
మేస్త్రీ మాట కోసం మళ్ళీ ఓ గుర్తు పెట్టాడు.
ఎంటర్ నొక్కాడు.
యంత్రం ఆ లైను పుచ్చుకోలేదు.
మధ్యలో ఓ ప్రశ్నార్థకం
మిణుకు మిణుకుమంటూ.

దానికి తెలిసిన మర్యాద ఒక్కటే:
మొదటి గుర్తుకి తలుపు తీయడం,
రెండో గుర్తుకి వేసేయడం.
గదిలో గది ఉంటుందని దానికెవరూ చెప్పలేదు.
అమ్మమ్మ నోరు తెరవగానే
ఆమె చెప్పేది అయిపోయిందనుకుంది.
తప్పు పట్టలేం.
మేస్త్రీ కూడా అంతేనట.

తెలుగులో రాస్తున్నాను కనక నాకీ తిప్పలు లేవు.
మేస్త్రీ అన్నాడని అమ్మమ్మ చెప్పిందని వాడు రాశాడని...
అని అన్నది చిన్న కొక్కెం,
ఎన్ని నోళ్ళనైనా ఒకే దండేనికి తగిలిస్తుంది.
తాటాకు మీద ఎవరూ గీతలు పెట్టలేదు.
ఎవరి మాట ఎక్కడ ఆగిందో అనుమానం వస్తే
ఆ అనుమానమే వ్యాఖ్యాతలకి అన్నం పెట్టింది.

లక్లన్‌కి అని లేదు. ఉన్నదల్లా పి మీట.
ఊరికే నొక్కితే ప్రింట్.
ఎర్రక్షరాల మీటతో కలిపి నొక్కితే కొటేషన్ గుర్తు.
మాట్లాడమనేదీ అదే, నోరు మూయించేదీ అదే.
ఒంటి గీతలు పెట్టి చూశాడు.
మేస్త్రీ మాటకి చొక్కా గుండీలు ఊడినట్టుంది. చెరిపేశాడు.

చుట్టల తీగతో కుట్టిన పుస్తకం తిరగేస్తే
ఎక్కడో పేజీ అడుగున:
లోపల ఒక గుర్తు కనబడాలంటే
రెండు రాయాలి.
ఒకటి కోసం రెండా? పైకే చదివాడు, మళ్ళీ చదివాడు.
అల్లుతున్న మేజోడు ఒళ్ళో పెట్టి
వాడి పెదాలే చూస్తోంది ఎఫీ.
మిల్లులో అంతేరా, అంది.
ఏదైనా రెండుసార్లు అనాలి.
మొదటిది మగ్గానికి. రెండోది మనిషికి.

జంటగా కొట్టాడు. రన్.
చేతులు బాగున్నాయిగా, చెవులతో ఏం పని
అన్న మేస్త్రీ మాట
గీతలన్నీ తొడుక్కుని
నల్లటి అక్షరాల్లో, ఇరవై అంగుళాల టీవీ మీద.

ఆమె చాలాసేపు చదివింది.
పెదాలు లేని మాట చదవడం అలవాటు లేదు కదా.
తర్వాత మెల్లగా తల అడ్డంగా ఊపింది.
వాడు నాతో అనలేదు, అంది.
షెడ్డు ఆ చివర నించుని ఇంకో మేస్త్రీతో అన్నాడు.
నాకు వినబడదని తెలుసు.
నాకు కనబడుతుందని తెలీదు.

షీనా చేతిలో టీ కెటిల్ అలాగే ఉండిపోయింది.
ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో
ఆ కథ వేరేలా చెప్పుకున్నారు.

లైన్లకి పది, ఇరవై, ముప్పై అని
నంబర్లు ఎందుకు వేయమన్నారో
వాడికి అంతవరకు తెలీదు.
పదికీ ఇరవైకీ మధ్య
తొమ్మిది ఖాళీలు.
వాడు పదిహేను కొట్టి,
తిరిగి, అమ్మమ్మకి కనబడేలా ముఖం పెట్టి,
ఊఁ, చెప్పు, అన్నాడు.
చెప్పు.